గడప ముందు నీలి సీసా

ఈ పూట మన ముచ్చట వాకిలి గురించి. నేరేడుచర్లలో పొద్దుపొద్దున్నే ఏ బజారులోకి వెళ్లినా ఒకటే వరస కనిపిస్తుంది. ఇంటి ముందర ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసి ఉంటుంది. మెట్టుకు అటొకటి, ఇటొకటి ప్లాస్టిక్ సీసాలు నిలబెట్టి ఉంటాయి. తాగి పక్కన పెట్టిన కూల్‌డ్రింక్ సీసాలే. వాటి నిండా నీళ్లు. ఆ నీళ్లలో రెండు చుక్కల ఉజాలానో, చిటికెడు నీలిమందో కలిపి ఉంటుంది. కొందరు కుంకుమ కలుపుతారు. ఎందుకండీ ఇది అంటే, కుక్కలు రాకుండా అంటారు. ఇటు మిర్యాలగూడలో చూడండి, అటు హుజూర్‌నగర్, కోదాడలో చూడండి, సూర్యాపేటలో చూడండి, ఇదే సీసా. అయినా కడిగిన మెట్టు మీద తెల్లారేసరికి మళ్లీ అదే మరక. బండి చక్రానికి మళ్లీ అదే తడి. మరి లోపం ఎక్కడుంది? ఈ పదిహేను, ఇరవై నిమిషాల్లో నేను చెప్పేది ఒక్కటే మాట. కుక్క మన వాకిలిని కంటితో చదవదు. ముక్కుతో చదువుతుంది. మనం దాని కంటికి జవాబు చెబుతున్నాం. ముక్కుకు చెప్పడం లేదు. అది మన గడప దగ్గరికి రావడానికి మూడు కారణాలుంటాయి. తిండి, వాసన, చోటు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. తిండి, వాసన, చోటు. వీటిని తీసేస్తే సీసా అక్కర్లేదు. వీటిని ఉంచితే ఎన్ని సీసాలు పెట్టినా లాభం లేదు.

ముందు ఆ సీసానే తీసుకుందాం. వెక్కిరించడానికి కాదు, తేల్చుకోవడానికి. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. కుక్క కంట్లో రెండే రకాలు. నీలం, పసుపు దానికి బాగానే ఆనతాయి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. అంటే కుంకుమ నీళ్ల సీసా దానికి ఎర్రగా కనిపించనే కనిపించదు. నీలి సీసా నీలంగానే కనిపిస్తుంది. కానీ కనిపించడం వేరు, జడవడం వేరు. మన బజార్లలో నీలి రంగు డ్రమ్ములు లేవా? నీలి పరదాలు లేవా? నీలం వేసిన గేట్లు లేవా? ఎండాకాలం మధ్యాహ్నం కుక్క పడుకునేది ఆ డ్రమ్ము నీడలోనే. అంత పెద్ద నీలి డ్రమ్ముకు జడవని కుక్క, లీటరు సీసాకు ఎందుకు జడుస్తుంది? ఈ నమ్మకం మన ఒక్కరిదే కూడా కాదు. జపాన్‌లో పిల్లులు రాకుండా గోడల వెంట నీళ్ల సీసాలు వరసగా పెడతారు. న్యూజిలాండ్‌లో ఇంటి ముందు పచ్చికను కుక్కలు పాడుచేయకుండా పెట్టేవాళ్లు. అక్కడ తోటపని గురించి టీవీలో చెప్పే ఇయాన్ స్కారో అనే ఆయన 1980లలో ఈ చిట్కా చెప్పాడు. తర్వాత అది ఏప్రిల్ ఒకటో తారీకు తమాషా అని తనే ఒప్పుకున్నాడు. తమాషా అని తెలిశాక కూడా సీసాలు పోలేదు. జపాన్‌లో అయితే ఇంకో చిక్కు వచ్చింది. నీళ్లు నిండిన సీసా భూతద్దంలా పనిచేసి, ఎండను ఒకచోట పోగేసి, నిప్పు పుట్టించవచ్చని అక్కడి అగ్నిమాపక శాఖలు జనాన్ని హెచ్చరిస్తుంటాయి. మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. సీసా పక్కనే ఎండు చీపురో, గోనెసంచో, పాత పేపర్ల కట్టో పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ మీలో కొందరు అడ్డుపడతారు. మా ఇంటికి పనిచేసిందండీ, సీసా పెట్టాక వారం రోజులు కుక్క రాలేదు అంటారు. ఆ మాట అబద్ధమని నేను అనను. కానీ ఆ వారంలో ఇంకేం జరిగిందో కూడా చూడాలి కదా. సీసా పెట్టిన రోజే మీరు మెట్టును గట్టిగా రుద్ది కడిగి ఉంటారు. సీసా పెట్టేంత కోపం వచ్చిందంటే, ఆ రోజు నుంచి మీ కన్ను వాకిలి మీదే ఉంటుంది. కుక్క కనపడగానే అదిలిస్తారు. పైగా కొత్త వస్తువు ఏది కనపడినా కుక్క రెండు రోజులు అనుమానంగా చూస్తుంది. సీసా బదులు రోకలి నిలబెట్టినా చూస్తుంది. మూడో రోజుకు దాని అనుమానం తీరిపోతుంది. చేనులో దిష్టిబొమ్మను చూడండి. మొదట పిట్టలు దూరంగా ఉంటాయి. పది రోజులకు దాని నెత్తిమీదే వాలతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. కుక్క రాని రోజు, అది సీసా గొప్పతనం. వచ్చిన రోజు, రంగు వెలిసిపోయింది, నీళ్లు మార్చాలి అంటాం. గెలిచినా దానిదే పేరు, ఓడినా దాని తప్పు లేదు. అలాంటి చిట్కాను ఎన్నాళ్లు చూసినా నిజం తేలదు. తేలాలంటే ఒక పని చేయండి. రెండు వారాలు సీసా ఉంచండి, రెండు వారాలు తీసేయండి. కడగడం మాత్రం రోజూ ఒకేలా చేయండి. వచ్చిన రోజుల్ని క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. నెల తిరిగేసరికి ఆ గీతలే జవాబు చెబుతాయి.

సరే, కన్ను సంగతి పక్కన పెట్టి ముక్కు దగ్గరికి వద్దాం. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటాయని లెక్క. కుక్క ముక్కులో, జాతిని బట్టి, 20 కోట్లకు పైమాటే. మనకు వాకిలి ఒక చోటు. దానికి వాకిలి ఒక ఉత్తరం. ఎవరొచ్చారు, మగదా ఆడదా, ఎప్పుడొచ్చారు, అన్నీ ఆ తడిలో దానికి తెలుస్తాయి. తను కూడా వచ్చానని చెప్పడానికి దాని మీదే కాలెత్తుతుంది. కడుపు ఉబ్బి చేసే పని కాదది. సంతకం. అందుకే నాలుగు చుక్కలు వదిలి ముందుకు పోతుంది. మళ్లీ పది అడుగుల్లో ఇంకో నాలుగు చుక్కలు. మోటారు సైకిల్ చక్రం మీదే ఎందుకు పోస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ చక్రం ఊరంతా తిరిగి వస్తుంది. పది బజార్ల మట్టి, పది చోట్ల వాసన మోసుకొస్తుంది. పైగా నిలువుగా, సరిగ్గా కుక్క ముక్కు ఎత్తులో ఉంటుంది. నిలువుగా ఉన్నదాని మీద పడిన వాసన ఎక్కువసేపు నిలుస్తుంది, పక్క కుక్కకు సులువుగా అందుతుంది. కరెంటు స్తంభం, గేటు మూల, మెట్టు అంచు, తులసికోట దిమ్మె, వీటి కథ కూడా అంతే. ఇప్పుడు ఆ సీసాను మళ్లీ తలచుకోండి. అది కూడా నిలువుగా, ముక్కు ఎత్తులోనే నిలబడి ఉంది. కుక్కను పంపించేయడానికి పెట్టిన వస్తువే దానికి కొత్త స్తంభం అవుతుంది. కనుక మొదటి సూత్రం ఇది. పాత ఉత్తరం చెరిపేయకుండా కొత్త ఉత్తరం ఆగదు. ముందు వాసన పోవాలి.

వాసన పోవాలంటే రోజూ కడుగుతూనే ఉన్నాం కదండీ అంటారు. నిజమే. కానీ ఎలా కడుగుతున్నాం? బకెట్ నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తాం. మూత్రం ఒక్క జానెడు మేర ఉన్నది, మెట్టంతా పరుచుకుంటుంది. తర్వాత ఫినాయిల్ చల్లుతాం. ఘాటుకు మన ముక్కు మూసుకుపోతుంది, శుభ్రమైందనుకుంటాం. కుక్క ముక్కు అలా మూసుకుపోదు. పోలీసు జాగిలం సంగతి మీరు వినే ఉంటారు. ఘాటైన పొడుల మధ్య దాచినా గంజాయి మూటను పట్టేస్తుంది. ఒక వాసన వెనక ఇంకో వాసన దానికి విడిగా తెలుస్తుంది. ఫినాయిల్ వెనక పాత మూత్రం కూడా అలాగే తెలుస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి బాత్రూం యాసిడ్ పోస్తారు. ఇది ఇంకా నష్టం. మన చుట్టుపక్కల నేలలో ఉన్నది సున్నపురాయి. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. ఇళ్ల ముందు పరిచే నాపబండ, షాబాదు బండ కూడా ఆ జాతిదే. యాసిడ్ పడితే బుసబుసమని నురగ వస్తుంది చూశారా? ఆ నురగలో కరిగిపోయేది మురికి కాదు, మీ బండ. నున్నటి బండ గరుకవుతుంది. కంటికి ఆనని గుంటలు పడతాయి. రేపటి మూత్రం ఆ గుంటల్లోకి దిగుతుంది. వాన పడగానే మళ్లీ గుప్పుమంటుంది. ఇంకో జాగ్రత్త. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. మూత్రపు తడి మీద నేరుగా బ్లీచింగ్ చల్లినా ఊపిరికి మంచిది కాని వాయువే పుడుతుంది. మరేం చేయాలి? ముందు పొడి ఇసుకో, పొడి మన్నో వేసి తడిని పీల్చనివ్వండి. దాన్ని చీపురుతో ఎత్తేయండి. తర్వాత సబ్బు నీళ్లు పోసి గట్టి బ్రష్షుతో రుద్దండి. బట్టల పొడుల్లో కొన్నిటిలో ఎంజైములు ఉంటాయి. పాకెట్ మీద రాసి ఉంటుంది. మరకలోని కొన్ని పదార్థాల్ని ముక్కలు చేసేవి ఆ ఎంజైములే. అలాంటి పొడి కలిపిన నీళ్లు పది నిమిషాలు మరక మీద నిలవనివ్వండి. ఆ తర్వాత కడిగి, ఎండకు ఆరనివ్వండి. గ్రానైట్ అయితే వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి తుడవొచ్చు. సున్నపుబండ మీద వెనిగర్ కూడా వద్దు. అదీ పులుపే, అదీ బండను తింటుంది. మొదటి వారం రోజులు రోజూ ఇలా చేయండి. చక్రాలకు కూడా చేయండి. ఉత్తరం చెరిగిపోతుంది.

రెండోది తిండి. కుక్క మన గుమ్మం మీద ప్రేమతో ఊళ్లోకి రాలేదు. మనం పారేసే తిండి కోసం వచ్చింది. ఆదివారం సంగతి చూడండి. ప్రతి ఇంట్లో కోడికూర. మధ్యాహ్నం రెండింటికి బొక్కలన్నీ ఒక కవరులోకి పోతాయి. ఆ కవరుకు ముడివేసి గేటు పక్కన పెడతాం, రేపు చెత్తబండి వస్తుంది కదా అని. మనకు అది ముడివేసిన కవరు. కుక్కకు అది తెరిచిన విస్తరి. రాత్రి పదింటికి కవరు చిరుగుతుంది. తిన్నచోటే తగువు. తగువైనచోటే సంతకాలు. తెల్లారి మెట్టు మీద మరక చూసి కుక్కను తిడతాం, కవరును మరిచిపోతాం. పెళ్లింటి ఎంగిలాకులు, హోటలు వెనక పారబోసిన అన్నం, కోళ్ల దుకాణాల వ్యర్థాలు, ఇవన్నీ బజారును కుక్కలకు భోజనశాల చేస్తాయి. దీనికి మందు మన పక్కనే ఉంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఉన్న సూర్యాపేట 2003 ప్రాంతంలో దేశమంతా చెప్పుకున్న ఒక పని చేసింది. వీధుల్లో చెత్తకుండీలే లేకుండా చేసింది. తడి చెత్తకు ఒక బుట్ట, పొడి చెత్తకు ఒక బుట్ట. ఇంటి దగ్గరికే బండి. తడి చెత్త వానపాముల ఎరువయ్యింది. లక్ష జనాభా ఉన్న ఊరు, పెద్ద పెద్ద యంత్రాలేవీ లేకుండా, అలవాటు మార్చుకుని సాధించింది. ఇందులో మనకు పనికొచ్చే కిటుకు ఏమిటి? కుండీని కడగడం కాదు, కుండీ అవసరమే లేకుండా చేయడం. కుండీ లేకపోతే దాని చుట్టూ ముసిరే కుక్కకూ, పందికీ, ఆవుకూ అక్కడ పని లేదు. నేరేడుచర్ల 2018లో మున్సిపాలిటీ అయింది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు కూడా చెత్తను ఇంట్లోనే వేరుచేసి బండికి ఇవ్వాలనే చెప్పాయి, బజారులో పారేయొద్దనే చెప్పాయి. మీరు చేయాల్సింది చిన్న పని. బొక్కలు, ఎంగిలి గట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి. రాత్రి ఆ డబ్బా గేటు లోపలే ఉండాలి. బండి హారన్ వినిపించాకే గడప దాటాలి.

మూడోది చోటు. కుక్క గానీ పిల్లి గానీ మలవిసర్జనకు గట్టి నేలను అంతగా కోరుకోదు. మెత్తటి మన్ను, ఇసుక, గడ్డి కావాలి. మన ఊళ్లో కొత్త ఇళ్లు కడుతున్న ప్రతి బజారులో ఇసుక కుప్ప ఉంటుంది. ఇల్లు అయిపోయినా సగం కుప్ప గేటు ముందే మిగిలిపోతుంది. పిల్లికి అంతకన్నా మంచి మరుగుదొడ్డి లేదు. పని చేసుకుని, కాలితో గీరి, ఇసుక కప్పేసి పోతుంది. పైకి ఏమీ కనపడదు. సాయంత్రం అదే కుప్ప మీద పిల్లలు గూళ్లు కట్టి ఆడుకుంటారు. ఇది ముక్కు మూసుకుని వదిలేసే సంగతి కాదు. కుక్క మలంలో కొంకిపురుగు గుడ్లు ఉంటే, వాటి పిల్లలు తడి ఇసుకలో బతుకుతాయి. చెప్పులు లేని కాలి చర్మంలోంచి లోపలికి దూరి దద్దుర్లు తెప్పిస్తాయి. పిల్లి మలంలోంచి వచ్చే ఒక సూక్ష్మజీవి గర్భిణులకు, కడుపులో బిడ్డకు ముప్పు తెస్తుంది. కాబట్టి ఇసుక కుప్ప మీద పరదా కప్పి నాలుగు పక్కలా రాళ్లు పెట్టండి. పని అయిపోతే మిగిలిన ఇసుకను ఆ వారమే ఎత్తించేయండి. గేటు కింద సందు చూడండి. జానెడు సందు ఉంటే కుక్క పిల్లలు దూరతాయి, బెత్తెడు ఉంటే పిల్లి దూరుతుంది. ఒక చెక్కపలకో, రేకుముక్కో, వైరు జాలీనో బిగిస్తే సరిపోతుంది. గేటు లేని ఇల్లయితే మెట్టుకు అడ్డంగా రాత్రిపూట ఒక బల్ల వాలుస్తే చాలు. మూల చీకటిగా ఉంటే అక్కడొక చిన్న బల్బు. వాడని చోటే వాటి చోటు అవుతుంది. సాయంత్రం పది నిమిషాలు అరుగు మీద మనుషులు కూర్చునే ఇంటి ముందు కుక్క కాలెత్తడానికి వెనకాడుతుంది.

మా బాధ కుక్కలతో కాదండీ, కోతులతో అనేవాళ్లున్నారు. మేకలతో, ఆవులతో, పందులతో అనేవాళ్లూ ఉన్నారు. ప్రశ్నలు మారవు. తిండి, వాసన, చోటు. వీటిలో ఆ జంతువును లాగేది ఏదో కనిపెట్టండి. కోతికి తిండి. పెరట్లో పండిన జామకాయ, మిద్దె మీద ఆరబెట్టిన పల్లీ, తెరిచిన వంటింటి కిటికీ. ఆవుకు తిండే. గోడ మీద పెట్టిన కూరగాయల తొక్కలు, నిన్న మిగిలిన అన్నం. ఈ వారం దాని నోటికి ఒక చపాతీ అందిస్తే వచ్చే వారం అదే వేళకు గేటు దగ్గర నిలబడుతుంది. నిలబడినచోట పేడ వేస్తుంది. తప్పు దానిది కాదు, మనమే పిలిచాం. పందికి తిండి, చోటు రెండూ కావాలి. మూత లేని మోరీ, నిలిచిన నీళ్లు, బురద. మేకకు మీ ముగ్గు మీద పగ లేదు. మీ గేటు పక్క మందారం ఆకుల మీద ఆశ. పిల్లి మెత్తటి ఇసుక కోసం వస్తుంది, ఎలుక ఉంటే ఎలుక కోసం వస్తుంది. రైస్ మిల్లుల దగ్గర ఇళ్లవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పేరు ఏదైనా దారి ఒకటే. జంతువును తరమడం రోజూ చేయాల్సిన పని. కారణాన్ని తీసేయడం ఒకసారి చేస్తే నిలిచే పని.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టి అభ్యంతరానికి వద్దాం. ఇంత కష్టం మాకెందుకండీ, మున్సిపాలిటీ వాళ్లు కుక్కలన్నిటినీ పట్టుకెళితే పీడ పోతుంది కదా అంటారు. కోపంలో ఆ మాట రావడం సహజం. చిన్నపిల్లల మీద కుక్కలు పడిన వార్తలు విన్నవాళ్లకు ఆ కోపం ఇంకా సహజం. కానీ ఆ దారి పరీక్షకు నిలిచిందా అన్నది చూడాలి. మద్రాసు నగరం ఏళ్ల తరబడి కుక్కల్ని పట్టి చంపింది. కుక్కలు తగ్గలేదు. 1996లో ఆ పద్ధతి వదిలి, ఆపరేషన్లు చేసి, టీకాలు వేసే దారి పట్టింది. కారణం తేలికే. బజారులో పది కుక్కల తిండి ఉంటే పది కుక్కలు ఉంటాయి. ఉన్న పదిటినీ తీసేస్తే, తిండి అలాగే ఉంటే, పక్క బజారువి వచ్చి చేరతాయి. కొత్తవాటికి ఇక్కడి మనుషులు తెలియరు, వేసిన టీకా ఉండదు, హద్దులు మళ్లీ మొదటినుంచి గీసుకోవాలి. అంటే సంతకాలు ఇంకా ఎక్కువవుతాయి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కల్ని తెచ్చినచోటే వదలమంది. పిచ్చి కుక్కల్నీ, మీదపడే కుక్కల్నీ మాత్రం వదలొద్దంది. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లలాంటి చోట్లకు నవంబర్ 7న వేరే కట్టడి పెట్టింది. మన వాకిలికి ఇందులో ఒక లాభం ఉంది. ఇది చాలామందికి తెలియదు. ఈ కాలెత్తే అలవాటు ఎక్కువగా ఆపరేషన్ కాని మగకుక్కలది. ఆపరేషన్ అయినవాటిలో చాలావాటికి ఆ అలవాటు తగ్గుతుంది. అంటే మున్సిపాలిటీని మనం అడగాల్సింది కుక్కల బండి ఎప్పుడొస్తుందని కాదు. మా వార్డులో ఆపరేషన్లు ఎప్పుడు చేస్తారు, ఎన్నిటికి చేశారు, అని. పదిమంది కలిసి వార్డు సభ్యుణ్ని ఆ రెండు ప్రశ్నలు అడగండి.

ఇంకో అభ్యంతరం మనసుకు సంబంధించింది. కుక్కకు ముద్ద పెట్టడం పుణ్యం కదా, తరతరాల నుంచి పెడుతున్నాం, మానమంటారా అంటారు. మానమని ఎవరూ అనడం లేదు. ఎక్కడ పెడుతున్నామన్నదే ప్రశ్న. మన గుమ్మంలో పెట్టిన ముద్ద పక్కింటి మెట్టు మీద తేలితే ఆ పుణ్యంలో సగం పాపం కలుస్తుంది. 2023 నియమాలు కూడా, ఇళ్లలోకి వచ్చిపోయే దారుల్లో, మెట్ల దగ్గర, పిల్లలు ఆడుకునేచోట కుక్కలకు తిండి పెట్టొద్దనే చెబుతాయి. సుప్రీంకోర్టు వార్డుకొక చోటు కేటాయించమంది. కాబట్టి బజారు చివర, ఇళ్లకు దూరంగా, ఒకే చోట, ఒకే వేళకు పెట్టండి. తిన్నాక విస్తరి మీరే ఎత్తేయండి. తిండి ఎక్కడ ఉంటే కుక్క అక్కడ ఉంటుంది. దాని చోటు మార్చడానికి మీ చేతిలో ఉన్న ముద్దే మంచి పనిముట్టు. ఇక రెండో చివర కోపిష్టులున్నారు. వేడినీళ్లు చల్లుదాం, కారం చల్లుదాం, కలరా ఉండలు వేద్దాం, మందు పెడదాం అంటారు. కారం మంచుకు తడిసి పోతుంది, లేదంటే గాలికి లేచి మీ పిల్లల కళ్లలోనే పడుతుంది. కలరా ఉండలు పసివాళ్లు నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక విషం పెట్టడం నేరం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. రాయి విసిరితే కుక్క ఆ రాయిని మరిచిపోదు. బెదిరిన కుక్కే కరుస్తుంది. కరిచిందా, పసర్లు, సున్నం పెట్టకండి. 15 నిమిషాలు సబ్బు నీళ్లు ధారగా పోసి కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.

చివరి అభ్యంతరం, నేను ఒక్కణ్నే చేస్తే ఏం లాభం, పక్కింటివాళ్లు చేయొద్దా అన్నది. ఇందులో సగం నిజం ఉంది. తిండి విషయంలో బజారంతా ఒక్కటే కంచం. మీ డబ్బాకు మూత ఉండి, పక్క గేటు దగ్గర కవరు ఉంటే, కుక్క బజారుకు రావడం ఆగదు. కానీ వాసన విషయంలో అలా కాదు. ఎవరి గడప ఉత్తరం వాళ్లది. మీ మెట్టు మీద పాత వాసన పూర్తిగా చెరిగితే, వచ్చిన కుక్క మీ గుమ్మం దాటి వాసన ఉన్న చోటికి పోతుంది. కాబట్టి మీ ఇంటితో మొదలుపెట్టండి. పది రోజుల్లో పక్కింటి వదిన అడుగుతుంది, మీ మెట్టు మీద రావట్లేదేం అని. అప్పుడు చెప్పండి. అడగనివాళ్లకు నీతులు చెబితే తగువు. అడిగినవాళ్లకు చెబితే పద్ధతి. అలా నాలుగిళ్లు కలిస్తే ఒక గల్లీ, నాలుగు గల్లీలు కలిస్తే ఒక వార్డు. సూర్యాపేట చేసింది కూడా ఇంటింటి బుట్టతో మొదలైన పనే.

శ్రోతలారా, మొదట చెప్పిన మాటతోనే ముగిస్తాను. కుక్క మన వాకిలిని కంటితో చదవదు, ముక్కుతో చదువుతుంది. అది రావడానికి కారణాలు మూడు. తిండి, వాసన, చోటు. తిండిని మూత ఉన్న డబ్బాలో పెట్టి గేటు లోపల ఉంచండి. వాసనను పొడి మన్నుతో పీల్చి, సబ్బుతో రుద్ది, ఎండకు ఆర్చండి. చోటును పరదాతోనో, పలకతోనో మూసేయండి. మన పెద్దవాళ్లు పొద్దున్నే ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసేవాళ్లు. ఆ పనికి బలం ముగ్గు గీతలో లేదు. ఒక్కరోజు కూడా మానకుండా గడపను పట్టించుకోవడంలో ఉంది. మరి మెట్టు మీద ఉన్న ఆ నీలి సీసా సంగతి? దాన్ని పారేయనక్కర్లేదు. లోపలి నీళ్లు మొక్కకు కాకుండా మోరీలో పారబోయండి. కడిగి, అందులో సబ్బు నీళ్లు నింపండి. మూతకు నాలుగు చిల్లులు పెట్టండి. గడప బయట కాదు, లోపల పెట్టుకోండి, బ్రష్షు పక్కన. రేపు పొద్దున మరక కనపడగానే చేతికి అందుతుంది. అప్పుడు ఆ సీసా నిజంగానే పనిచేస్తుంది.